ఆకలి తగ్గింది సరే, విస్తట్లో ఏముంది?

తెలుగువాళ్ల భోజనానికి ఒక వరస ఉంది. ముందు పప్పూ నెయ్యీ, తర్వాత కూరా పచ్చడీ, ఆపైన పులుసో చారో, చివరికి పెరుగు. ఒక్కోదానికీ అన్నం మారు వడ్డించుకోవడం మామూలే. బరువు తగ్గడానికి వారానికోసారి సూదిమందు వేసుకుంటున్న చాలామందికి ఈ వరస సగంలోనే ఆగిపోతోంది. నాలుగు ముద్దలు పడేసరికి కడుపు బిగిసినట్టుంటుంది. "పెరుగన్నం తినకుండానే లేస్తావా?" అని ఇంట్లోవాళ్లు బతిమాలతారు. వాళ్లు బతిమాలడంలో న్యాయం ఉంది. పెరుగు మానేస్తే ఆ పూట ఒంటికి అందాల్సిన ప్రొటీనులో చెప్పుకోదగ్గ భాగం పోయినట్టే. అయితే దానికి విరుగుడు బలవంతంగా పెరుగన్నం తినడం కాదు, వడ్డన వరసనే తిరగెయ్యడం. అది ఎందుకో చూద్దాం.

ఈ సూదిమందుల్లో టిర్జెపటైడ్ 'మౌంజారో' పేరుతో 2025 మార్చిలో మన మార్కెట్లోకి వచ్చింది. బరువు తగ్గించే మోతాదుల్లో సెమాగ్లుటైడ్ 'వెగోవీ' పేరుతో అదే ఏడాది జూన్‌లో వచ్చింది. 2026 మార్చిలో సెమాగ్లుటైడ్ పేటెంటు గడువు ముగియడంతో దేశీయ కంపెనీలకు దారి తెరుచుకుంది. ఆ పోటీకి ముందునుంచే సిద్ధపడ్డవాటిలో హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్ ఒకటి. మందు చవకవుతున్నకొద్దీ వాడేవాళ్లు పెరుగుతారు. దానితోపాటు ఏం తినాలో చెప్పేవాళ్లు మాత్రం అంత వేగంగా పెరగరు.

అసలు ఈ మందు చేసేదేమిటి? తిండి పేగుల్లోకి చేరగానే జీఎల్‌పీ-1 అనే హార్మోను విడుదలవుతుంది. అది ఇన్సులిన్ ఊరేలా చేస్తుంది, జీర్ణాశయం ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తుంది, 'ఇక చాలు' అన్న కబురు మెదడుకు చేరవేస్తుంది. కానీ రక్తంలో దాని ఆయుష్షు ఒకటి రెండు నిమిషాలే. డీపీపీ-4 అనే ఎంజైము దాన్ని వెంటనే విరగ్గొట్టేస్తుంది. 1990ల మొదట్లో న్యూయార్కులో జాన్ ఎంగ్ అనే పరిశోధకుడు అమెరికా ఎడారుల్లో తిరిగే గిలా మాన్‌స్టర్ అనే బల్లి విషంలో ఇలాంటిదే, అంత తొందరగా విరగని పదార్థాన్ని గుర్తించాడు. దాన్నుంచి వచ్చిన ఎక్సెనటైడ్‌ను 2005లో అమెరికాలో మధుమేహానికి మందుగా అనుమతించారు. సెమాగ్లుటైడ్ తయారీలో మరో దారి తొక్కారు. మనిషి హార్మోనునే కాస్త మార్చి, దానికో కొవ్వు ఆమ్లాన్ని తోకలా తగిలించారు. ఆ తోక రక్తంలోని ఆల్బుమిన్‌ను పట్టుకుని వేలాడుతుంది. అందుకే ఒంట్లో మందు సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది. టిర్జెపటైడ్ అయితే జీఎల్‌పీ-1తో పాటు జీఐపీ అనే మరో పేగు హార్మోను పనినీ చేస్తుంది.

పూర్తి మోతాదు సెమాగ్లుటైడ్ మీద ఉన్నవాళ్లకు మధ్యాహ్న భోజనం పెట్టి, ఇష్టమైనంత తినమని చూశారు. ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లకన్నా వాళ్లు 35 శాతం తక్కువ కెలోరీలు తిన్నారు. ఎవరూ కట్టడి చెయ్యలేదు, వాళ్లకే తినాలనిపించలేదు. రోజంతా వెంటాడే తిండి ధ్యాస తగ్గిపోయిందని వాడినవాళ్లు చెబుతుంటారు. ఏళ్ల తరబడి ఆకలితో కుస్తీ పట్టినవాళ్లకు ఇది పెద్ద ఊరట, దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. చిక్కల్లా, తిండి మూడో వంతు తగ్గితే అందులోని ప్రొటీను, ఇనుము, కాల్షియం, పీచు కూడా అంతే తగ్గుతాయి. ఒంటికి వాటి అవసరం మాత్రం తగ్గదు.

సెమాగ్లుటైడ్‌పై 'స్టెప్-1' అనే పెద్ద పరీక్షలో 1961 మంది పాల్గొన్నారు. 68 వారాల్లో మందు వాడినవాళ్ల బరువు సగటున 15 శాతం దాకా తగ్గింది. వాళ్లలో కొందరికి స్కాన్ తీసి చూస్తే, తగ్గిన బరువులో దాదాపు 40 శాతం కొవ్వు కానిదని తేలింది. టిర్జెపటైడ్ పరీక్షలో అది పాతిక శాతం దగ్గర ఉంది. కొవ్వు కానిదంతా కండరమే అనుకోనక్కర్లేదు, అందులో నీరూ ఉంటుంది, ఇతర అవయవాల బరువూ ఉంటుంది. మందు లేకుండా పస్తులుండి తగ్గినా కొంత కండ కరుగుతుంది. కాబట్టి 'సూదిమందు కండలు తినేస్తుంది' అన్న వాట్సాప్ ప్రచారం అతి. కానీ మన విషయంలో ఈ లెక్కను ఇంకొంచెం జాగ్రత్తగా చూడాలి.

2004లో లాన్సెట్ పత్రికలో ఇద్దరు వైద్యుల ఫొటో అచ్చయింది. ఒకరు పుణెకు చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, రెండోవారు లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్. ఇద్దరి బీఎంఐ ఒక్కటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. చూపుకు సన్నగా ఉంటూనే కొవ్వు ఎక్కువ, కండ తక్కువ ఉండటం భారతీయుల్లో మామూలు సంగతని ఆ ఫొటో ఒక్క చూపులో చెప్పేసింది. తిన్న తర్వాత రక్తంలోకి వచ్చే గ్లూకోజులో పెద్ద వాటాను తీసుకునేది కండరమే. పెద్ద చెరువుకు గండి పడటం వేరు, ఎండాకాలపు కుంటకు పడటం వేరు. మనది కుంట. యాభై దాటిన మధుమేహ రోగి పది కిలోలు తగ్గి, మెట్లెక్కలేని స్థితికి వస్తే ఆ తగ్గుదలను చూసి మురిసిపోవడానికి ఏమీ లేదు.

ఇక మన పళ్లెం సంగతి. ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే ప్రకారం భారతీయుల కెలోరీల్లో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నాయి. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఆరోగ్యంగా ఉన్న పెద్దలకు సూచించే ప్రొటీను, కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు. డెబ్బై కిలోల మనిషికి 58 గ్రాములన్నమాట. ఈ మందులు వాడుతూ బరువు తగ్గుతున్నవాళ్లకు అది చాలదని, కిలోకు 1.2 నుంచి 1.6 గ్రాముల దాకా లక్ష్యంగా పెట్టుకోవాలని 2025లో అమెరికా పోషకాహార, స్థూలకాయ వైద్య సంఘాలు కలిసి ఇచ్చిన సలహా. కనీసపు అంచనా వేసుకున్నా డెబ్బై కిలోలకు 84 గ్రాములు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ఈ లెక్క వర్తించదు, వాళ్లు ఎంత తినాలో వాళ్ల డాక్టరే చెప్పాలి.

ఒక చిన్న కప్పు అన్నంలో నాలుగు గ్రాముల ప్రొటీను ఉంటుంది. మనిషికి గుప్పెడు కందిపప్పు కూడా పడని పలుచటి పప్పులో నాలుగైదు, చిన్న గిన్నెడు పెరుగులో మూడు. అంతా తింటే పన్నెండు గ్రాములు. సగంలో లేచిపోతే ఆరేడు. అందుకే వరస తిరగెయ్యాలి అన్నది. ముందు కోడిగుడ్డో చేపముక్కో చికెనో తినాలి. శాకాహారులైతే గట్టిగా చేసిన ముద్దపప్పునో, పనీర్‌నో మీల్‌మేకర్ కూరనో చెంచాతో గిన్నెలోంచి తినేయాలి. పెరుగునూ అప్పుడే తినేయొచ్చు. తర్వాత కూరగాయలు, కడుపులో చోటు మిగిలితే అన్నం. ముప్ఫై గ్రాముల ఎండు మీల్‌మేకర్‌లో పదిహేను గ్రాముల ప్రొటీను ఉంటుంది. ఆ ధరకు అంత ప్రొటీను ఇచ్చేది బజారులో దొరకడం కష్టం. ఇంత మంచి సరుకును మనవాళ్లు బిర్యానీలో అలంకారంగా వాడి వదిలేస్తున్నారు.

పొద్దుటి పూట ఇడ్లీకన్నా పెసరట్టు మేలు. యాభై గ్రాముల పెసలు రుబ్బి రెండు చిన్న అట్లు వేసుకుంటే పదకొండు పన్నెండు గ్రాములు వస్తాయి, పొట్టుతో రుబ్బుతారు కాబట్టి పీచూ దక్కుతుంది. పక్కన ఒక గుడ్డు ఉంటే మరో ఆరు. నూనె మాత్రం పెనం తడిసేంతే. పెసరట్టులో ఉప్మా పెట్టడం ఘనమైన సంప్రదాయమే, కానీ ఇప్పుడా రవ్వకు కడుపులో చోటు లేదు. సాయంత్రం మిక్చరు పొట్లం బదులు గుప్పెడు పుట్నాలు, లేదంటే ఉడికించిన శనగల గుగ్గిళ్లు. రాత్రికి వంద గ్రాముల పనీర్‌తో చిన్న జొన్నరొట్టె అయితే ఇరవై దాటుతుంది. మాంసం ముట్టని ఇంట్లో కూడా ఇలా 80 గ్రాముల దగ్గరికి చేరొచ్చు. ఒక ఇబ్బంది ఉంది. ఈ మందుతో పేగుల కదలిక మందగిస్తుంది కాబట్టి శనగలు, ఉలవలు ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బరం తప్పదు. బాగా నానబెట్టి, మెత్తగా ఉడికించి, కొద్దికొద్దిగా పెంచుకోవాలి.

వికారం ఎక్కువగా వచ్చేది మందు మొదలుపెట్టిన కొత్తలోనూ మోతాదు పెంచినప్పుడూ. సెమాగ్లుటైడ్ సూది వేసుకున్నాక ఒకటి నుంచి మూడు రోజుల్లో రక్తంలో దాని మోతాదు గరిష్ఠానికి చేరుతుంది. శనివారం రాత్రి సూది, ఆదివారం మధ్యాహ్నం మటన్ బిర్యానీ పెట్టుకుంటే సోమవారం ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. జీర్ణాశయాన్ని మందు ఎలాగూ నెమ్మదింపజేస్తోంది, నూనె దాన్ని మరింత ఆపేస్తుంది. బజ్జీలు, పూరీలు, డాల్డా ఫ్రైడ్‌రైస్ తిన్న రోజునే పుల్లటి తేన్పులు, వాంతులు ఎక్కువని వాడేవాళ్లకు అనుభవమే. ఆవకాయను పూర్తిగా మానక్కర్లేదు, బద్దను కాస్త నాకి వదిలేస్తే సరి. చిన్న పళ్లెం, నెమ్మదిగా నమలడం, కడుపు నిండిందనిపించిన క్షణాన ఆపేయడం వికారాన్ని తగ్గించడానికి సాయపడతాయి. వడ్డించేవాళ్లు కూడా కొసరడం మానాలి. 'ఇంకొక్క ముద్ద' అన్న ప్రేమ ఈ రోజుల్లో వాంతిగా తేలుతుంది.

సెమాగ్లుటైడ్ మాత్ర రూపంలో తీసుకునేవాళ్లకు ఇంకో నియమం ఉంది. పరగడుపున, 120 మిల్లీలీటర్లు మించని నీళ్లతో వేసుకుని అరగంట ఆగాలి. ఆ అరగంటలో కాఫీ కూడా కుదరదు. కాఫీ చుక్క పడందే కళ్లు తెరవని ఇళ్లలో ఇదే పెద్ద పథ్యం.

ఆకలితో పాటు దాహమూ తగ్గుతుంది. దీన్ని చాలామంది పట్టించుకోరు. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల ఎండలో, దాహం వెయ్యలేదు కదా అని నీళ్లు తాగకపోతే, పైగా వాంతులో విరేచనాలో తోడైతే, కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం ఉంది. భోజనంతో పాటు గ్లాసులకొద్దీ తాగితే కడుపు బిగుస్తుంది, అందుకని మధ్య మధ్యలో గుక్కెడు గుక్కెడు తాగాలి. పలుచటి మజ్జిగ దీనికి భేషైనది. మలబద్ధకానికి మందు కూడా నీళ్లే, వాటితో పాటు తోటకూర, బీరకాయ, జామకాయ. నీళ్లు పెంచకుండా పీచు పెంచితే బాధ ఎక్కువవుతుంది.

రాగుల్లో వంద గ్రాములకు 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది కాబట్టి తిండి సహించని రోజున మజ్జిగ కలిపిన రాగి జావ మంచి ఆసరా. మెట్‌ఫార్మిన్ కూడా వాడుతున్న శాకాహారులు బీ12 పరీక్ష చేయించుకోవాలి. బరువు వేగంగా తగ్గుతున్నప్పుడు జుట్టు రాలడం కొందరిలో కనిపిస్తుంది, సాధారణంగా కొన్ని నెలల్లో సర్దుకుంటుంది.

ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడే మధుమేహులు ఏకాదశి, కార్తీక సోమవారం, రంజాన్ ఉపవాసాలకు ముందు డాక్టరుతో మాట్లాడి తీరాలి. తిండి తగ్గినా ఆ మందుల మోతాదు తగ్గకపోతే చక్కెర పడిపోతుంది. పొట్ట పైభాగంలో తీవ్రమైన నొప్పి వచ్చి వీపులోకి పాకుతుంటే గ్యాసని సర్దిచెప్పుకోకుండా ఆసుపత్రికి వెళ్లాలి. అది క్లోమం వాపు కావచ్చు, పిత్తాశయంలో రాళ్లు కావచ్చు.

తిండి ఒక్కటే కండను నిలపలేదు. ప్రొటీను తిని కుర్చీలో కూర్చుంటే పెద్దగా ఒరిగేదేమీ లేదు, కండరానికి బరువు మోసే పని పడాలి. నడక గుండెకు మంచిదే కానీ ఈ పనికి చాలదు. వారానికి రెండు మూడు రోజులు బరువులెత్తడమో, చేతుల ఆసరా లేకుండా కుర్చీలోంచి పది పన్నెండు సార్లు లేచి కూర్చోవడమో చెయ్యాలి.

స్టెప్-1లో పాల్గొన్న కొందరిని మందు ఆపాక ఏడాది పాటు గమనించారు. తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది. అంటే ఇది నెలా రెండు నెలల కోర్సు కాదు, మందుల షాపులో చీటీ లేకుండా కొనుక్కుని పెళ్లి ముహూర్తం దాకా వాడి వదిలేసేది అంతకన్నా కాదు. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు కాటా మీది అంకె ఒక్కటే చెప్పి ఊరుకోకండి. అంతకుముందు మూడు రోజులు ఏ పూట ఏం తిన్నారో, ఎంత తాగారో కాగితం మీద రాసి పట్టుకెళ్లండి. మోతాదు పెంచాలా, అక్కడే ఆపాలా అన్నది ఆ కాగితం చూశాకే తేల్చమని అడగండి.