వరంగల్ ఎండలో సీఓటూ సిలిండర్

మే నెల మిట్టమధ్యాహ్నం. వరంగల్‌లో ఎండ 44, 45 డిగ్రీలు. సోడా తయారుచేసే చోటికో, కాజీపేటలోని వెల్డింగ్ షాపుకో ట్రాలీ ఆటోలో నిండు కార్బన్ డయాక్సైడ్ (సీఓటూ) సిలిండర్ వెళుతోంది. దాని లోపల ఏముంది? చాలామంది గ్యాస్ అంటారు. కొంత తెలిసినవారు అడుగున ద్రవం, పైన గ్యాస్ అంటారు. జనవరి తెల్లవారుజామున అయితే ఈ రెండో జవాబు సరైనదే. మేలో మాత్రం రెండూ తప్పే.

కార్బన్ డయాక్సైడ్‌కు 31 డిగ్రీల సెల్సియస్ ఒక హద్దు. అంతకన్నా చల్లగా ఉంటే ఒత్తిడి పెట్టి దాన్ని ద్రవంగా మార్చవచ్చు. ఆ హద్దు దాటాక ఎంత నొక్కినా ద్రవం, వాయువు అని రెండు పొరలు ఏర్పడవు. ద్రవంలా చిక్కగా ఉంటూ, వాయువులా ఎక్కడికైనా చొరబడే ఒకే పదార్థంగా ఉండిపోతుంది. బెల్‌ఫాస్ట్‌లో పనిచేసిన థామస్ ఆండ్రూస్ అనే రసాయన శాస్త్రవేత్త గాజు గొట్టాల్లో ఈ వాయువును బంధించి, ఒత్తిడినీ వేడినీ మార్చి చూసి, 1869లో ఈ సంగతి ప్రకటించాడు. ఆయన తేల్చిన అంకె 30.92 డిగ్రీలు. బెల్‌ఫాస్ట్‌లో అంత వేడి రోజు అరుదు. మనకు ఫిబ్రవరి నుంచే పగటిపూట అది మామూలు. అందుకే ఆండ్రూస్ ప్రయోగం బెల్‌ఫాస్ట్ వాళ్లకన్నా మనకే ఎక్కువ అక్కరకొస్తుందని నా అభిప్రాయం.

20 డిగ్రీల దగ్గర ఈ సిలిండర్ లోపలి పీడనం సుమారు 57 బార్లు. కారు టైరులోని గాలి పీడనానికి పాతిక రెట్లు. పూర్తిగా నింపిన సిలిండర్ 45 డిగ్రీలకు వేడెక్కితే పీడనం రెట్టింపు దాటుతుంది. ఎండలో కాలిన ఇనుము గాలికన్నా ఎక్కువ వేడెక్కుతుంది కాబట్టి అక్కడితో ఆగదు. ఈ ముప్పును దృష్టిలో పెట్టుకొనే, సిలిండర్‌లో పట్టే నీటి బరువులో సుమారు మూడింట రెండు వంతుల బరువుకు మించి గ్యాస్ నింపరు. తూకం వేయకుండా ఇంకో కిలో ఎక్కించడమంటే వ్యాకోచానికి వదిలిన ఖాళీ జాగాను తినేయడమే. సిలిండర్ ఐదేళ్లకోసారి నీటి పీడన పరీక్షకు నిలవాలి. పరీక్ష చేసిన తేదీ దాని మెడ దగ్గర చెక్కి ఉంటుంది. కొనేటప్పుడు ఆ తేదీని చూడండి.

వాల్వ్‌లో ఒక పలచని రక్షణ రేకు ఉంటుంది. పీడనం హద్దు మీరితే అది చిరిగి గ్యాస్‌ను బయటకు వదిలేస్తుంది, సిలిండర్ పేలకుండా కాపాడుతుంది. ఆరుబయట అయితే అక్కడితో గండం గడిచినట్టే. మూసిన గదిలో అసలు ప్రమాదం అప్పుడే మొదలవుతుంది. 30 కిలోల కార్బన్ డయాక్సైడ్ బయటకొస్తే సుమారు 16 వేల లీటర్ల వాయువు అవుతుంది. పదడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గదిలో పట్టేది 28 వేల లీటర్లే. దుకాణం వెనక చీకటి కొట్టులో సిలిండర్లు పేర్చుకునేవారు ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.

ఇంత వాయువు ఎక్కడి నుంచి వస్తుంది? ఎక్కువ భాగం వేరే పరిశ్రమల్లో ఉప ఉత్పత్తిగా వెలువడేదే. సహజ వాయువు నుంచి అమ్మోనియా తీసే కర్మాగారాల్లోనూ, గింజల్ని పులియబెట్టి ఇథనాల్ చేసే చోట్లా ఇది పెద్ద ఎత్తున పుడుతుంది. మనకు దగ్గర్లోని ఉదాహరణ రామగుండం. అక్కడ బొగ్గుతో నడిచిన పాత ఎరువుల కర్మాగారం 1999లో మూతపడింది. దాని చోట రామగుండం ఫెర్టిలైజర్స్ అండ్ కెమికల్స్ లిమిటెడ్ 2021లో సహజ వాయువుతో ఉత్పత్తి మొదలుపెట్టింది. రోజుకు 3,850 టన్నుల యూరియా దాని సామర్థ్యం. యూరియా అంటే అమ్మోనియా, కార్బన్ డయాక్సైడ్ కలయికే. ఒక టన్ను యూరియాలోకి ముప్పావు టన్నుకు కాస్త తక్కువ కార్బన్ డయాక్సైడ్ వెళుతుంది. ఆ లెక్కన రామగుండంలో పూర్తి సామర్థ్యంతో నడిచిన రోజున సుమారు 2,800 టన్నుల ఈ వాయువు యూరియాగా మారుతుంది. సొసైటీ ముందు లైన్లో నిలబడి రైతు తెచ్చుకునే 45 కిలోల బస్తా తయారీకి 33 కిలోల కార్బన్ డయాక్సైడ్ పట్టిందన్నమాట. పొలంలో చల్లాక యూరియా విడిపోయి, నత్రజని పైరుకు అందుతుంది. కార్బన్ డయాక్సైడ్ మళ్లీ బయటపడుతుంది.

31 డిగ్రీలు దాటిన ఆ విచిత్ర స్థితి ప్రమాదమే కాదు, పనిముట్టు కూడా. 31 డిగ్రీల పైన, సుమారు 74 బార్లకు మించిన ఒత్తిడిలో కార్బన్ డయాక్సైడ్ మంచి ద్రావకం. కాఫీ గింజల నుంచి కెఫీన్‌ను, మసాలా దినుసుల నుంచి నూనెను, మిరపకాయల నుంచి ఎర్ర రంగును లాగేస్తుంది. పని ముగిశాక ఒత్తిడి తగ్గిస్తే వాయువై ఎగిరిపోతుంది, సరుకులో అవశేషం మిగలదు. హెక్సేన్ వంటి ద్రావకాలతో ఆ భరోసా కోసం వేరే శుద్ధి చేయాలి. వరంగల్ చపాటా మిరపకు 2025లో భౌగోళిక గుర్తింపు దక్కింది. కారం తక్కువ, రంగు ఎక్కువ కావడమే దాని విలువ. వరంగల్‌లోని ఏనుమాముల మార్కెట్‌కు కాయ వస్తుంది, రంగు తీసి లాభం పొందేది ఎక్కువగా వేరేచోట. యంత్రాలకు పెట్టుబడి ఎక్కువే. అయినా కాయ పండే నేల మీదే ఈ పద్ధతిలో రంగు తీసే రోజు రావాలని కోరుకుంటున్నాను.

ఇక సీఓటూ వెల్డింగ్. కరిగిన లోహానికి గాలి తగలకుండా ఈ వాయువు కాపు కాస్తుంది. సిలిండర్ నుంచి ఒక్కసారిగా వ్యాకోచించేటప్పుడు విపరీతంగా చల్లబడి రెగ్యులేటర్ మీద మంచు కడుతుంది, అందుకే దానికి హీటర్ పెడతారు. ఆర్క్ వేడికి కార్బన్ డయాక్సైడ్‌లో కొంత విడిపోయి కార్బన్ మోనాక్సైడ్ అవుతుంది. షట్టర్ దించి వెల్డింగ్ చేయకూడదనడానికి అదొక్కటి చాలు. ఇంకో మాట. 31 డిగ్రీల లోపు, లోపల ద్రవం ఉన్నంతసేపు పీడనం పెద్దగా తగ్గదు కాబట్టి మీటరు చూసి ఎంత మిగిలిందో చెప్పలేం. తూకమే దారి.

మనిషి మీద కార్బన్ డయాక్సైడ్ ప్రభావాన్ని చాలామంది తక్కువగా అంచనా వేస్తారు. మామూలు గాలిలో ఇది 0.04 శాతం పైచిలుకు. పనిచేసే చోట ఎనిమిది గంటలకు సగటున 0.5 శాతం దాటకూడదన్నది అంతర్జాతీయంగా పాటించే హద్దు. 4 శాతం ప్రాణాపాయపు గీత. 10 శాతం దగ్గర నిమిషాల్లో స్పృహ తప్పుతుంది. ఈ హాని ఆక్సిజన్‌ను పక్కకు నెట్టడం వల్ల మాత్రమే జరిగేది కాదు. రక్తంలో ఆమ్లం పెంచి ఈ వాయువే నేరుగా దెబ్బతీస్తుంది. గదిలో 5 శాతం కార్బన్ డయాక్సైడ్ చేరినా ఆక్సిజన్ మీటరు సుమారు 19.9 చూపిస్తుంది, 19.5 దగ్గర పెట్టిన అలారం మోగదు. కాబట్టి కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచే మీటరు విడిగా ఉండి తీరాలి.

ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు, గాలికన్నా ఒకటిన్నర రెట్లు బరువు. గుంటల్లో, సెల్లార్లలో, బావుల్లో అడుగుకు చేరుతుంది. 1986 ఆగస్టు 21 రాత్రి కామెరూన్‌లోని న్యోస్ సరస్సు అడుగు నుంచి ఎగదన్నిన ఈ వాయువు లోయల వెంట పారి, నిద్రలో ఉన్న సుమారు 1,700 మందిని చంపింది. మన పాడుబడ్డ వ్యవసాయ బావుల్లో ఆకులలములు కుళ్లి ఇదే వాయువు పోగవుతుంది, ఆక్సిజన్ తగ్గుతుంది. పూడిక తీయడానికి దిగినవాడు పడిపోతే, కాపాడబోయి తమ్ముడో పక్క చేను వాడో దిగి వాళ్లూ పోయారన్న వార్తలు చదువుతూనే ఉన్నాం. దీపం దించి చూసే అలవాటు పెద్దలు నేర్పినదే. దీపం ఆరిపోతే దిగకూడదన్నది నూటికి నూరుపాళ్లు నిజం. ఆరకపోతే దిగవచ్చన్నది నిజం కాదు. 10 శాతం కార్బన్ డయాక్సైడ్‌లోనూ దీపం వెలుగుతూ ఉండవచ్చు.

ఇప్పుడు పెళ్లిళ్లలో వేదిక మీద మబ్బులు పరుస్తున్నారు. వాటిని పుట్టించేది మైనస్ 78 డిగ్రీల డ్రై ఐస్, అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్. కంటికి కనబడే పొగ నీటి తుంపరే, వాయువు కనబడదు. కిలో డ్రై ఐస్ 500 లీటర్లకు పైగా వాయువవుతుంది, ముందు చేరేది నేల మీద ఆడుకునే పిల్లల ముక్కు ఎత్తుకే. 2024 మార్చిలో గురుగ్రామ్‌లోని ఒక రెస్టారెంట్‌లో మౌత్ ఫ్రెష్‌నర్ అనుకొని డ్రై ఐస్ నోట్లో వేసుకున్నవాళ్లు రక్తం కక్కుకున్నారు. ఫంక్షన్ హాల్ వాళ్లకు నా విన్నపం: ఏసీ హాలు తలుపులు మూసి ఈ మబ్బులు వదలకండి, మిగిలిన ముక్కల్ని పిల్లలకు అందనివ్వకండి, గాలి చొరబడని డబ్బాలో మూత బిగించకండి.

బావిలోగానీ సెల్లార్‌లోగానీ మనిషి పడి ఉంటే, సొంత గాలి సిలిండర్ ఉన్న సిబ్బంది వచ్చేదాకా ఎవరూ దిగవద్దు. అగ్నిమాపక శాఖ నంబరు 101. అత్యవసర సేవల నంబరు 112.