గోడలోని ఇత్తడి స్ప్రింగు

గీజరు వేసిన కాసేపటికి స్విచ్‌బోర్డు దగ్గర మాడిన వాసన వస్తే, అనుమానం ముందు గీజరు మీదికి పోతుంది. తర్వాత ఎంసీబీ మీదికి: అంత వేడెక్కితే అది ఎందుకు ట్రిప్ కాలేదని. చాలాసార్లు రెండిటి తప్పూ ఉండదు. లోపమల్లా సాకెట్టులో, పిన్నూ దాన్ని పట్టుకున్న ఇత్తడి రేకూ ఒకదానికొకటి ఆనేచోట ఉంటుంది.

కరెంటు ఇళ్లలోకి వచ్చింది దీపాల కోసం. తొలిరోజుల్లో ఇస్త్రీపెట్టె వాడాలన్నా బల్బు ఊడదీసి, ఆ హోల్డరులోనే మర తిప్పి బిగించాలి. అమెరికాలో హార్వే హబ్బెల్ ఆ బాధ తప్పిస్తూ, ఒక ముక్క హోల్డరులో ఉండిపోయేలా, ఇంకో ముక్క లాగితే చాలు ఊడొచ్చేలా చేసి 1904లో పేటెంటు పొందాడు. బ్రిటన్ గుండ్రటి పిన్నులను ఎంచుకుని 1934లో బీఎస్ 546 ప్రమాణం రాసుకుంది. 1947లో దీర్ఘచతురస్రపు పిన్నుల కొత్త ప్లగ్గు తెచ్చుకుని, క్రమంగా పాతదాన్ని పక్కన పెట్టింది. మనం మాత్రం గుండ్రటి పిన్నులతోనే ఉండిపోయాం. మన ప్రమాణం ఐఎస్ 1293 వాటిని 6, 16 ఆంపియర్లుగా స్థిరపరిచినా, పెద్దదాన్ని ఇప్పటికీ పదిహేను ఆంప్స్ ప్లగ్గనే పిలిచేవాళ్లున్నారు.

ఊడదీసే సౌకర్యంతో పాటే ఈ జబ్బూ వచ్చింది. లోహాలు రెండూ నున్నగా కనిపించినా, సూక్ష్మంగా చూస్తే గరుకే; ఒకదాన్నొకటి తాకేది కొన్ని చుక్కల దగ్గరే. ఈ చుక్కల లెక్కను రాగ్నార్ హోమ్ అనే స్వీడిష్ శాస్త్రవేత్త జీవితకాలం శోధించాడు. రేకు గట్టిగా నొక్కుతున్నంతకాలం కరెంటుకు దారి చాలినంత. రేకు వదులైతే దారి ఇరుకవుతుంది, నిరోధం పెరుగుతుంది, వేడి పుడుతుంది. వేడికి ఇత్తడి బిగువు ఇంకా సడలుతుంది, పైన మసిలాంటి ఆక్సైడు పొర కడుతుంది, నిరోధం మళ్లీ పెరుగుతుంది. ఈ చక్రం దానంతట అది ఆగదు.

2,000 వాట్ల గీజరు 230 వోల్టుల మీద 8.7 ఆంపియర్లు లాగుతుంది. ఆనేచోట అర ఓమ్ నిరోధం చేరితే అక్కడే 36 వాట్ల వేడి. రేడియో రిపేరువాడి సోల్డరింగ్ ఐరన్ ఒకటి గోడలో వెలుగుతున్నట్టే. ఇక ఎంసీబీ సంగతి: అదనపు నిరోధం వల్ల కరెంటు 8.5కి తగ్గుతుంది. పదహారు దాటితే చూసుకుందామని కూర్చున్న ఎంసీబీకి అంతా సవ్యంగానే ఉంది! ఆర్‌సీసీబీ లీకేజీని పసిగట్టేది కనుక దానికీ ఏమీ తెలియదు.

కాబట్టి చూడాల్సింది మనమే. మెయిన్ ఆపి, చల్లారాక ప్లగ్గు లాగి పిన్నులు చూడండి. ఒక పిన్ను మాత్రమే నల్లబడితే, ఆ పిన్ను పట్టే రేకు వదులైనట్టు. పిన్నులు మెరుస్తున్నా ప్లగ్గు టాపు వైరు వైపు కరిగితే, లోపలి స్క్రూ లూజు. సాకెట్టు ముందు భాగం బాగుండి వెనక వైరు తొడుగు గోధుమరంగుకు తిరిగితే, బోర్డులోని స్క్రూ లూజు. అలాకాక వైరు పొడుగునా వేడెక్కితే, ఆ లోడుకు వైరే సన్నం. పాత ఇళ్లలో అల్యూమినియం వైరుంటే అనుమానం రెట్టింపు చేయాలి: స్క్రూ కింద అది మెల్లగా అణిగిపోతుంది, దాని ఆక్సైడులో కరెంటు పారదు. అన్ని దేశాల ప్లగ్గులూ పట్టే సాకెట్టు మీద నాకు మొదటినుంచీ గురి లేదు. అన్నిటికీ చోటిచ్చే రేకు దేన్నీ గట్టిగా పట్టదు. పదహారును ఆరులోకి దించే అడాప్టరు అంతకన్నా అన్యాయం.

పావుగంటలో ఆగే గీజరు కన్నా, రాత్రంతా నడిచే ఏసీ, గంటలకొద్దీ చార్జింగయ్యే స్కూటరు సాకెట్టును ఎక్కువ పరీక్షిస్తాయి. గంట నడిచాక ప్లగ్గు గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు, చెయ్యి ఆనించలేకపోతే వెంటనే ఆపాలి.

సాకెట్టు మార్చేటప్పుడు మాడిన వైరు కొసను మెరిసే రాగి కనిపించేదాకా కత్తిరించాలి. ప్లగ్గు టాపునూ అప్పుడే మార్చేయాలి. కాలి గుంటలు పడ్డ పాత పిన్నును కొత్త సాకెట్టులో గుచ్చితే, ఆ కొత్త రేకుకూ అదే గతి పడుతుంది.