కిన్నెర తీగ నుంచి స్పీకర్ దాకా

నాగర్‌కర్నూల్ జిల్లా అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్య చేతిలోని పన్నెండు మెట్ల కిన్నెర 2021లో ‘భీమ్లా నాయక్’ పాటతో ఇంటింటికీ చేరింది. మరుసటి ఏడాది ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ వాద్యంలో ఉన్నదల్లా వెదురు బొంగు, తీగలు, మైనంతో నిలబెట్టిన మెట్లు, ఎండిన సొరబుర్రలు. కరెంటు అక్కర్లేదు. అయినా జనం గుమిగూడిన చోట కథ నడిపించేంత ధ్వని పలుకుతుంది.

ఆ ధ్వని ఎక్కడిది? సన్నని తీగ ఒక్కటే ఊగితే గాలిని పెద్దగా కదపలేదు. బుర్ర ఆ ఊపును అందుకుని, తన గోడలతోనూ లోపలి గాలితోనూ బయటికి పంపుతుంది. అయితే బుర్ర కొత్తగా శక్తినేమీ కలపదు. వేలు మీటినప్పుడు తీగకు అందిన శక్తినే తొందరగా ఖర్చు పెడుతుంది. అందుకే ధ్వని పెరుగుతుంది, మోత త్వరగా అణుగుతుంది. గిటార్ ఆంప్ చేసే పని దీనికి పూర్తిగా వేరు. అది గోడ సాకెట్లోంచి శక్తి తీసుకుని, తీగ ఎలా ఊగిందో అదే తీరులో స్పీకర్‌ను ఊపుతుంది. ఆంప్ పలక మీది నాబ్‌లన్నీ ఈ దారిలో ఒక్కో చోట కూర్చున్నవే. ఏది ఎక్కడుందో తెలిస్తే ఏది ఎందుకు తిప్పాలో దానంతటదే తెలుస్తుంది.

శ్రీశైలం రోడ్డు మీద నల్లమల అడవి అంచున ఉన్న మన్ననూరులో, ఒకే పది వాట్ల ప్రాక్టీస్ ఆంప్‌ను ఇద్దరు పిల్లలు పంచుకుంటున్నారనుకుందాం. ఒకరిది ఎలక్ట్రిక్ గిటార్, ఇంకొకరిది కిన్నెర.

గిటార్‌లో పని సులువు. తీగల కింద పికప్ ఉంటుంది: అయస్కాంతాల చుట్టూ వేల చుట్ల సన్నని రాగి తీగ. ఉక్కు తీగ ఊగితే అయస్కాంత క్షేత్రం మారి, రాగి చుట్టలో చిన్న వోల్టేజీ పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన విద్యుదయస్కాంత ప్రేరణ ఇదే. పుట్టేది వోల్టులో కొంత భాగమే, అదీ బలహీనమైనది. దాన్నుంచి ఎక్కువ కరెంటు లాగితే పైస్వరాలు చచ్చిపోతాయి. అందుకే ఆంప్ మీద ‘ఇన్‌పుట్’ అని రాసిన రంధ్రం దాదాపు 10 లక్షల ఓమ్‌ల నిరోధంతో, సిగ్నల్‌ను దాదాపుగా కదపకుండా చూస్తుంది. అందులో పట్టేది 6.35 మిల్లీమీటర్ల ప్లగ్గు. కేబుల్ పొడవు పెరిగేకొద్దీ దాని కెపాసిటెన్స్ పెరిగి ట్రెబుల్ మందగిస్తుంది. ఇంట్లో సాధనకు మూడు మీటర్ల కేబుల్ చాలు.

కిన్నెర సంగతి అంత సులువు కాదు. దానికి ఉక్కు తీగలు కట్టి అయస్కాంత పికప్ పెట్టినా, అది తీగను మాత్రమే వింటుంది. బుర్ర పలుకు దానికి అందదు. కిన్నెర గొంతంతా బుర్రలోనే ఉంది కాబట్టి ఇది పెద్ద నష్టం. బుర్ర వెదురుకు ఆనే చోట పీజో బిళ్ల అతికిస్తే ఆ గొంతు కొంతైనా దక్కుతుంది. వంగితే వోల్టేజీ ఇచ్చే పదార్థం అది. ఈ గుణాన్ని క్యూరీ సోదరులు 1880లో గుర్తించారు. కానీ పీజోకు గిటార్ పికప్ కంటే కూడా ఎక్కువ నిరోధం కావాలి. తక్కువైతే మంద్ర స్వరాలు పోయి, గలగలమనే పలుచని మోతే మిగులుతుంది. ఆ నిరోధం ఇచ్చే ఒక చిన్న ప్రీఆంప్‌ను మధ్యలో పెట్టుకోవడం మంచిది.

ఇన్‌పుట్ దాటగానే వచ్చేది గెయిన్. నేర్చుకునేవాళ్లు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే, ఎందుకంటే గెయిన్ తిప్పినా వాల్యూమ్ తిప్పినా చప్పుడు పెరుగుతుంది. కానీ గెయిన్ ఉన్నది దారి మొదట్లో. సిగ్నల్‌ను ఎంత పెంచి లోపలికి పంపాలో అది చెబుతుంది. లోపలి సర్క్యూట్ ఒక హద్దు వరకే వోల్టేజీని మోయగలదు. ఆ హద్దు దాటిన తరంగానికి కొండలు తెగి, పైన చదునుగా మారుతుంది. అలా తెగినప్పుడు మూలంలో లేని కొత్త ఉపస్వరాలు పుట్టుకొస్తాయి. రాక్ గిటార్‌లో వినిపించే గరగర అదే. వాల్యూమ్ చివర్న ఉంటుంది. అప్పటికే తయారైన ఆకారాన్ని ఎంత బిగ్గరగా వినిపించాలన్నది మాత్రమే దాని పని. కాబట్టి గరగర కావాలి కానీ ఇంట్లోవాళ్లు నిద్రపోతున్నారంటే గెయిన్ ఎక్కువ, వాల్యూమ్ తక్కువ. కిన్నెరకు తిరగేసి పెట్టాలి: గరగర లేని క్లీన్ చానల్, గెయిన్ తక్కువ, వాల్యూమ్ కావలసినంత. మీటు బలాన్ని బట్టి మారే పలుకే కిన్నెరకు అందం. తరంగాలన్నిటికీ ఒకే ఎత్తులో తల తెగితే ఆ తేడా చెరిగిపోతుంది.

బాస్, మిడిల్, ట్రెబుల్ నాబ్‌లు గెయిన్‌కూ వాల్యూమ్‌కూ మధ్య ఉంటాయి. గిటార్ మంద్ర తీగ 82 హెర్ట్జ్‌లు, పై తీగ 330 హెర్ట్జ్‌లు. వాటి ఉపస్వరాలు వేల హెర్ట్జ్‌ల దాకా పోతాయి. చాలా ఆంపుల్లో ఈ నాబ్‌లు కలపడం కంటే తగ్గించడమే ఎక్కువ చేస్తాయి, పైగా ఒకదాని ప్రభావం ఇంకోదాని మీద పడుతుంది. మూడింటినీ నడిమధ్యన పెట్టి, ఒక్కొక్కదాన్నీ కొంచెం కొంచెం కదిపి వినండి. స్పీకర్ హద్దు కూడా గుర్తుండాలి: గిటార్ స్పీకర్లు దాదాపు 5,000 హెర్ట్జ్‌ల పైన నీరసపడతాయి. గరగర కఠినంగా వినిపించకుండా అది కాపాడుతుంది గానీ, కిన్నెర జిలుగులో కొంత భాగాన్ని మింగేస్తుంది. వేదిక మీద కిన్నెరకు గిటార్ ఆంప్ కంటే మంచి మైకే మేలని నా గట్టి నమ్మకం.

వాట్ల గురించి ఒక్క మాట. 10 వాట్ల ఆంప్ కంటే 20 వాట్లది రెట్టింపు బిగ్గర కాదు. తేడా 3 డెసిబెళ్లే. చెవికి రెట్టింపుగా తోచాలంటే సుమారు పది రెట్ల శక్తి కావాలి.

కిన్నెరతో వాల్యూమ్ పెంచేకొద్దీ ఒక స్వరం దగ్గర ఆంప్ కూయడం మొదలుపెడుతుంది. స్పీకర్ ధ్వని బుర్రను ఊపుతుంది, బుర్ర పీజోను కదుపుతుంది, అది మళ్లీ స్పీకర్‌లోకి వెళ్తుంది. బోలు బుర్ర తనకిష్టమైన స్వరానికి తొందరగా స్పందిస్తుంది కనుక కూత ఆ స్వరంలోనే వస్తుంది. స్పీకర్‌ను పక్కకు తిప్పాలి, దూరం జరగాలి. అప్పటికీ ఆగకపోతే ఆ స్వరం పడే ప్రాంతపు నాబ్‌ను కొంచెం తగ్గించాలి.

ఇక మిగిలిన రంధ్రాలు. ‘ఆక్స్’లో ఫోన్ కలిపితే పాట చాలా ఆంపుల్లో గెయిన్ జోలికి పోకుండా నేరుగా చివరి దశలో చేరుతుంది. మొగులయ్య పాట పెట్టుకుని పక్కనే సాధన చేయడానికి ఇదే దారి. హెడ్‌ఫోన్స్ పెట్టగానే సాధారణంగా స్పీకర్ ఆగిపోతుంది. లైన్ అవుట్ ఉంటే అది రికార్డింగ్‌కు. స్పీకర్ అవుట్ అని రాసిన దాన్ని మాత్రం స్పీకర్‌కే కలపాలి, మిక్సర్‌కు కాదు. వాల్వ్ (ట్యూబ్) ఆంప్ అయితే స్పీకర్ లేకుండా నడిపితే లోపలి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు.

గిటార్ తీగలు కేబుల్ ద్వారా ఆంప్ గ్రౌండ్‌కు కలిసి ఉంటాయి. తీగ ముట్టుకోగానే జుయ్‌మనే మోత తగ్గడం అందుకే. అందుకే మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నుల సాకెట్లో దూర్చడం ప్రాణాపాయం. లోపల లోపం వస్తే 230 వోల్టులు తీగల మీదకే రావచ్చు. కిన్నెర తీగలకు అలాంటి కలయిక లేదు. కాబట్టి మోత తగ్గించాలంటే పీజో బిళ్లకు చుట్టూ అల్లిక ఉన్న షీల్డ్ తీగనే వాడి, ఆ అల్లికను ప్లగ్గు బయటి స్లీవ్‌కు టంకం పెట్టాలి.