పేగు ఆపరేషన్ అయినవారికి పత్యం పేరిట పస్తులు

తార్నాక: ఉప్పల్ మీదుగా వచ్చి సికింద్రాబాద్ వైపు సాగిపోయే బస్సులకు తార్నాక చౌరస్తా దారి. జిల్లా నుంచి పట్నం ఆసుపత్రులకు వెళ్ళేవారిలో చాలామంది ఇక్కడే దిగుతారు. విశ్వవిద్యాలయంలో చదివే పిల్లల అద్దె గదులే వారికి సత్రాలు. అలాంటి ఒక గదిలో ఇటీవల ఒక రైతు పేగు ఆపరేషన్ చేయించుకుని నెల రోజులు గడిపారు. వయసు అరవైకి దగ్గర. పెద్దపేగుకు అడ్డుపడిన గడ్డను, దానితోపాటు కొంత పేగును కోసి తీసివేసి, మిగిలిన రెండు కొసలను కలిపి కుట్టారు. గండం గడిచిందని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. తంటా ఆ తరువాతే మొదలైంది.

ఆసుపత్రిలో ఉండగా నర్సమ్మ రోజూ పొద్దున్నే వచ్చి, పక్క మంచాలవారు వింటుండగానే "గాలి పోయిందా పెద్దాయనా?" అని అడిగేది. ఆయన సిగ్గుతో గోడవైపు తిరిగేవారు. కాని ఆ ప్రశ్నలో చాలా వైద్యం ఉంది. పొట్ట కోసి పేగును కదిలిస్తే అది కొంతకాలం మొద్దుబారి పడుకుంటుంది. చిన్నపేగు ఒక రోజులో మేలుకుంటే, పెద్దపేగుకు రెండు మూడు రోజులు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పడుతుంది. గాలి పోయిందంటే పేగు మళ్ళీ పనిలో దిగిందన్నమాట. పూర్వం అంతవరకు నోట్లో చుక్క నీరు పోయనిచ్చేవారు కాదు. ఇప్పుడు చాలాచోట్ల మర్నాటి నుంచే గుక్కెడు గుక్కెడుగా తాగిస్తున్నారు, లేపి నాలుగడుగులు వేయిస్తున్నారు.

గదికి చేరాక కడుపుబ్బరం పట్టుకుంది. రాత్రంతా గుడగుడ. రోజుకు ఐదారుసార్లు విరేచనం. పెద్దపేగు చేసే ముఖ్యమైన పని నీటిని పీల్చుకోవడం. అందులో కొంత భాగం పోయాక మిగిలిన పేగు ఆ పనికి అలవాటుపడటానికి వారాలు, కొందరికి నెలలు పడుతుంది. ఈ సంగతి ఎవరూ విడమరిచి చెప్పలేదేమో, తింటేనే కదా ఈ బాధ అని ఆయన తిండి తగ్గించేశారు. ఊరి నుంచి వచ్చిన భార్య పత్యం మొదలుపెట్టింది. రెండు పూటలా మెత్తటి అన్నం, వేయించిన కారం. పప్పు పెడితే చీము పడుతుందట. పెరుగు చలువ, గుడ్డు వేడి. నీళ్ళు ఎక్కువైతే లోపలి పుండు నానుతుందట. పది రోజుల్లో మనిషి సగమయ్యాడు. మంచం దిగితే కళ్ళు తిరిగేవి. ఆమెను తప్పుపట్టడానికి లేదు. మన ఊళ్ళలో కోత పడిన ఒంటికి తరతరాలుగా నడుస్తున్న పద్ధతి అదే.

విచిత్రమేమంటే, ఆ గదికి దగ్గరలోనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో ఒంటి గది ప్రయోగశాలగా మొదలై, 1958లో హైదరాబాద్ చేరి, విశ్వవిద్యాలయం అంచున స్థిరపడింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం కూడా 1918లోనే పుట్టింది. దక్కన్‌లో జొన్నలే ముఖ్యాహారంగా బతికే పేదలకు చర్మం నల్లబడి పగిలే పెల్లాగ్రా రోగం ఎందుకు వస్తున్నదో 1960 ప్రాంతంలో శోధించింది ఈ సంస్థవారే, గోపాలన్, శ్రీకాంతియా గార్లు. ఒక్క రకం తిండినే నమ్ముకుంటే ఒళ్ళు ఎలా గుల్లవుతుందో ఆ పరిశోధన చూపింది. అన్నం, కారం పత్యం కూడా ఆ బాపతే. కోసిన చోట కొత్త కండ పుట్టాలంటే మాంసకృత్తులు కావాలి. ఆరోగ్యంగా ఉన్న మనిషికే కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు అవసరమని ఆ సంస్థ లెక్క. అంటే యాభై కిలోల మనిషికి 40 గ్రాముల పైమాటే. కోత మానాల్సినవారికి ఇంకా ఎక్కువ కావాలి. ఒక కోడిగుడ్డులో సుమారు 6 గ్రాములు, వంద గ్రాముల పెసరపప్పులో సుమారు 24 గ్రాములు ఉంటాయి. పప్పు వల్ల చీము పట్టదు. చీము పట్టేది సూక్ష్మజీవుల వల్ల.

రెండు రోజులు విరేచనం ఆగిపోయింది. తిండి లేకపోవడం ఒక కారణమైతే, నొప్పి మాత్రలు మరొకటి. చూడవచ్చిన బావమరిది సంచీలోంచి సీసా తీసి "బావా, ఇంత ఆముదం తాగు, కడుపు సాఫైతది" అన్నాడు. గ్లాసులో పోశారు కూడా. కొడుకు అడ్డుపడ్డాడు. "నాయినా, ఆగు. డాక్టరును అడగకుండ తాగొద్దు" అని ఆసుపత్రికి ఫోన్ చేశాడు. కొత్త కుట్టు ఉన్న పేగుమీద విరేచనాల మందు గాని ఎనిమా గాని సొంతంగా ప్రయోగించరాదని, లోపల అడ్డంకి ఉంటే ప్రాణంమీదికి వస్తుందని చెప్పి, మర్నాడు రమ్మన్నారు.

పరీక్షలో కుట్టు బాగానే ఉంది. మందులు మార్చి, తిండి సంగతి భార్యను కూర్చోబెట్టి చెప్పారు. రెండు పూటలు కడుపునిండా కాకుండా ఆరుసార్లు కొంచెం కొంచెంగా, బాగా నమిలి తినాలి. ఇడ్లీ, జావ, పెసరకట్టు, పెరుగన్నం, ఉడికించిన గుడ్డు, అరటిపండు. పచ్చిపాలు కొందరికి ఉబ్బరం తెస్తాయి, పెరుగు అంతగా తేదు. మొదటి నెల, నెలన్నర పల్లీలు, మొక్కజొన్న, శెనగపప్పు, క్యాబేజీ, కాడలున్న ఆకుకూరలు పక్కన పెట్టి, తరువాత ఒక్కొక్కటే కలుపుకోవాలి. గ్యాస్ పోతుందని సోడా తాగితే ఉన్న గాలికి మరింత గాలి చేరుతుంది. విరేచనాలు నీళ్ళలా అవుతుంటే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు తలకొట్టి కొలిచి కలిపి తాగాలి. ఆరు వారాలు బిందె, బస్తా ఎత్తరాదు.

వాంతులు, పొట్ట బిగిసి గాలి కూడా పోకపోవడం, జ్వరం, రక్తం పడటం, కుట్టునుంచి చీము కారడం, వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

అప్పటినుంచి తండ్రీ కొడుకులు సాయంత్రాలు విశ్వవిద్యాలయం చెట్ల కింద నడక పెట్టుకున్నారు. మొదటిరోజు వంద అడుగులకే కూలబడ్డారు. దగ్గు వస్తే పొట్టకు కండువా మడత అదిమి పట్టుకునేవారు. నడకతో గాలి కదిలి ఉబ్బరం తగ్గింది, ఆకలి పుట్టింది. ఆర్ట్స్ కాలేజీ భవనం దాకా వెళ్ళి వచ్చిన రోజు, అడిగించుకోకుండానే "ఇంకో ఇడ్లీ ఉన్నదా?" అన్నారట. భార్య ఆ మాట నాలుగిళ్ళకు చెప్పుకుంది. ఆముదం సీసా ఊరికి తిరిగి వచ్చింది, దీపానికి.