సాంచా తీసిన జాగాలో స్టింగ్‌రే

పోయిన దీపావళి అయ్యాక మా చెల్లెలి కొడుకు ఫోను పట్టుకొని నా దగ్గరికి వచ్చాడు. "మామా, దీనికి మూడడుగుల తొట్టి చాలంటుండు దుకాణమాయన. నువ్వే చేసియ్యరాదు" అన్నాడు. ఫోనులో చూస్తే అరచేతిలో పట్టేంత చేప. జొన్నరొట్టెలా గుండ్రంగా, చదునుగా ఉంది. వీపు మీద నారింజ చుక్కలు, వెనక సన్నటి తోక. కోస్తా జాలర్లు టేకు చేప అంటారే, ఆ వంశానిదే. కాకపోతే ఇది సముద్రంలోది కాదు. దక్షిణ అమెరికాలో అమెజాన్, ఒరినోకో లాంటి నదుల్లో పుట్టే మంచినీళ్ల జాతి. మోటోరో అంటారు.

నా సంగతి తెలియనివాళ్లకు రెండు మాటలు. మిల్లులో బద్లీ కామ్‌గార్‌గా చేరి, మిల్లు బంద్ అయ్యాక అద్దాలు కోసి చేపల తొట్లు అతికించే పని నేర్చుకున్నవాణ్ణి. ఇప్పుడు షోలాపూర్ తూర్పు భాగంలో మనవాళ్ల ఇళ్లల్లో చాలా తొట్లు నా చేతివే. మేనల్లుడి మాటకు నేను నవ్వి ఊరుకుందును. కానీ అదే మాట ఇదివరకు ఒక గిరాకీ అంటే, నేను నోరు మూసుకొని తొట్టి చేసిచ్చాను. అది మనసులో మెదిలింది.

ఆ తొట్టి మూడడుగుల పొడవు, అడుగుంపావు వెడల్పు. చేప నాలుగంగుళాలు ఉన్నప్పుడు అందులో రాజాలాగా తిరిగింది. ఏడాదిలో దాని చక్కెర అడుగు దాకా పెరిగింది. చక్కెర అంటే తోక కాకుండా, ఆ రొట్టె భాగం. మా పనివాళ్ల మాట. అడుగుంపావు వెడల్పులో అడుగు చేప తిరగాలంటే ఎట్లా? అద్దానికి రెక్క అంచు ఒత్తుకుంటూ, వెనక్కీ ముందుకీ జరిగేది. తర్వాత రెక్క అంచులు పైకి ముడుచుకోవడం మొదలైంది. ఈ చేపకు అట్లా అంచులు ముడుచుకుపోయాయంటే పని అయిపోవచ్చిందని తెలిసినవాళ్లకు తెలుసు. నాకప్పుడు తెలియదు. గిరాకీ ఫోను చేసి "చూసిపోండి" అంటే వెళ్లాను. మరునాటికి పోయింది. డబ్బులు అడగలేదు ఆయన, ఒక్క మాట కూడా అనలేదు. అందుకే ఇంకా బరువుగా ఉంది.

కాబట్టి మేనల్లుడికి మొదట చెప్పిన మాట: పిల్లను చూసి తొట్టి కొనొద్దు, పెద్దదాన్ని చూసి కొను. ఇంట్లో పెంచిన మోటోరో చక్కెర ఒకటిన్నర అడుగు అవుతుంది. ఆడది ఇంకా పెద్దది. తోక కలిపితే మూడడుగులకు దగ్గర. నా లెక్క ఏమిటంటే, తొట్టి వెడల్పు చక్కెరకు రెండింతలు, పొడవు నాలుగింతలు తక్కువ కాకూడదు. అంటే మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు ఒక్క మగ చేపకు కనీసం. పెద్ద ఆడది అయితే నాలుగు, ఎనిమిది. లోతు మాత్రం అక్కర్లేదు. ఇది నేల మీద పాకే జీవి, పైకి ఈదాలనే ఆశ తక్కువ. ఒకటిన్నర అడుగు నీళ్లు చాలు. దుకాణాల్లో ఎత్తుగా, సన్నగా ఉండే తొట్లు చూడటానికి బాగుంటాయి గానీ, ఈ చేపకు అవి బావిలో పడ్డట్టే.

"ఆరడుగులదైతే పై అంతస్తులో నా అర్రలో పడుతది మామా" అన్నాడు వాడు. ఇక్కడే బరువు సంగతి వచ్చింది. ఒక చదరపు మీటరు నేల మీద ఒక సెంటీమీటరు నీళ్లు నిలిస్తే 10 కిలోలు. ఇళ్ల స్లాబులకు మనుషులు, సామాను కలిపి చదరపు మీటరుకు 200 కిలోలని లెక్క వేసి కడతారు. అంటే 20 సెంటీమీటర్ల నీళ్లకే, ఎనిమిది అంగుళాలకే, ఆ లెక్క అయిపోయింది. రెండడుగుల నీళ్లయితే 610 కిలోలు. ఆరు, మూడు, రెండు అడుగుల తొట్టి నిండా నింపితే నీళ్లే వెయ్యి కిలోలు దాటుతాయి, 12 మిల్లీమీటర్ల అద్దం ఇంకో 150 కిలోలు. వెంటనే కూలిపోతుందని కాదు. కానీ మనవాళ్ల పాత ఇళ్లల్లో పై అర్రలు ఎట్లా వేశారో మనకు తెలియనిదా! ఇంజినీరుకు చూపకుండా పైన పెట్టే ఆలోచన మానుకోమన్నాను.

అప్పుడు వాడే అన్నాడు, "మరి కింద సాంచాలు తీసిన జాగ ఉన్నది గదా."

అది విని మా చెల్లెలు వంటింట్లోంచి బయటికి వచ్చింది. బావ ఉన్నప్పుడు ఆ కింది గదిలో నాలుగు సాంచాలు ఆడేవి. ఆయన పోయాక రెండు అమ్మారు. మిగిలిన రెండూ పోయిన దసరాకు పాత ఇనుము లెక్కన తూచి ఇచ్చారు. నేలలో బోల్టులు కోసిన గుర్తులు ఇంకా ఉన్నాయి. "అన్నా, ఆ జాగల సాంచా ఉంటే చద్దర్లు వచ్చినయి. వీని తొట్టి పెడితే ఏమొస్తది? చేపకు పెట్టేటందుకు ఇంకో నాలుగు పైసలు పోతయి" అంది. నేను ఏమీ అనలేదు. వాడూ అనలేదు. కొసకు ఆమే, "నీళ్లు యాడికెళ్లి తెస్తవురా?" అని అడిగింది.

అడగాల్సిన ప్రశ్న అదే. షోలాపూర్‌లో నల్లా రోజూ రాదు. ఉజనీ నుంచి నీళ్లు వచ్చినా, మా వాడలో నాలుగైదు రోజులకు ఒకసారే. ఈ చేప తిండి ఎక్కువ, మురికి కూడా ఎక్కువ. ఎంత మంచి ఫిల్టరు పెట్టినా వారానికి మూడో వంతు నీళ్లు మార్చాలి. ఎనిమిది అడుగులు, నాలుగు అడుగులు, ఒకటిన్నర అడుగు లోతు అంటే సుమారు 1,360 లీటర్లు. అందులో మూడో వంతు దాదాపు 450. డ్రమ్ము 200 లీటర్లది అనుకుంటే రెండు డ్రమ్ములు దాటి. ఇంట్లో అయిదుగురికి ఉన్నవి నాలుగు డ్రమ్ములు, ఒక హౌదు.

ముగ్గురం కూర్చొని లెక్క వేశాం. తొట్టిలోంచి తీసిన నీళ్లు పారబోయనక్కర్లేదు, లెట్రినుకు, వాకిలి కడగడానికి పనికొస్తాయి, కొబ్బరిచెట్టుకైతే ఎరువే. ఆ పనులకు ఇప్పుడు వాడుతున్న మంచి నీళ్లు మిగులుతాయి. అట్లా చూస్తే నిజంగా అదనంగా కావాల్సింది వారానికి ఒక డ్రమ్ము. చెల్లెలు ఒక షరతు పెట్టింది: నల్లా వచ్చిన రోజు ముందు ఇంటి డ్రమ్ములు, తర్వాతే చేప డ్రమ్ము, నింపేది వాడే, తెల్లవారుజామున మూడింటికి వచ్చినా సరే.

వాణ్ణి ఇంకో పరీక్ష కూడా పెట్టాను. సుద్దముక్క ఇచ్చి ఆ గదిలో ఎనిమిది, నాలుగు అడుగుల గీత గీయమన్నాను. ఎనిమిది రోజులు ఎవరూ గీత లోపల అడుగు పెట్టొద్దు, సైకిలు పెట్టొద్దు, బియ్యం బస్తా దించొద్దు. తొట్టి కొనాలనుకునే ఎవరికైనా నేను ఇదే చెబుతాను. కాగితం మీద కొలత వేరు, కాలికి తగిలే కొలత వేరు. మూడో రోజు వాడే మరిచిపోయి బండి తెచ్చి గీత మీద నిలబెట్టాడట. చెల్లెలు తీయించింది.

అద్దంతో చేస్తే ఆ కొలతకు అద్దమే 220 కిలోలు, ఖర్చు కూడా మా స్థోమత కాదు. అందుకని ఇటుకతో హౌదులా కట్టించాం. నా గిరాకీ నేనే పోగొట్టుకున్నాననుకోండి. ఈ చేప అందం పైనుంచి చూస్తేనే కదా. లోపల సిమెంటు నున్నగా రుద్దించాలి, లేకపోతే పొట్ట గీసుకుపోతుంది. మూలలు గుండ్రంగా తిప్పించాం. కొత్త సిమెంటు సున్నం వదులుతుంది, కాబట్టి మూడు వారాలు నీళ్లు నింపి పారబోసి, ఆరాక నీళ్ల ట్యాంకులకు పూసే ఎపాక్సీ పూశాం. నల్లా నీళ్లలో క్లోరిన్‌కు హైపో వేయాలి. మా ఎండల్లో నీళ్లు వేడెక్కితే గాలి తగ్గుతుంది, అందుకని బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి, పైన ఫ్యాను ఒకటి. చలికాలానికి హీటరు. దానికి జాలీ తొడుగు తప్పదు, చేప దాని మీద పడుకొని ఒళ్లు కాల్చుకుంటుంది.

తోక ముల్లు సంగతి దాచకూడదు. దాని అంచులు రంపంలా ఉంటాయి, విషం ఉంటుంది. గుచ్చితే భరించలేనంత నొప్పి. వెంటనే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో, ఒళ్లు కాలకుండా, గాయాన్ని ముంచి ఉంచి దవాఖానకు పోవాలి. ముల్లు లోపల విరిగితే ఇంట్లో లాగొద్దు. చెల్లెలి ఇంట్లో పాకే మనవరాలు ఉంది. గోడ రెండున్నర అడుగులు లేపి, ఇనుప జాలీ మూత, దానికి తాళం పెట్టించాను. తాళంచెవి చెల్లెలి కొంగున.

కొనేటప్పుడు ఏ జాతో అడిగి, బిల్లు తీసుకొమ్మన్నాను. బ్రెజిల్ షింగూ నదిలోని నల్ల లియోపోల్డి లాంటివి అంతర్జాతీయ సైటిస్ జాబితాలో ఉన్నాయి. 2022లో మన వన్యప్రాణి చట్టం సవరించాక, అట్లాంటి విదేశీ జీవుల్ని ఉంచుకునేవాళ్లు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి. పెంచలేకపోతే మాత్రం సిద్ధేశ్వర్ చెరువులోనో ఏక్రుఖ్‌లోనో వదలడం ఉండదు. సింగపూర్‌లో ఎవరో వదిలిన మోటోరోలు అక్కడి జలాశయాల్లో పిల్లలు పెడుతున్నాయి.

ఇప్పుడు తొట్టిలో నీళ్లు ఉన్నాయి, చేప లేదు. ఫిల్టరు డ్రమ్ములో మురికిని తినే సూక్ష్మజీవులు కుదురుకోవడానికి నెల, నెలన్నర పడుతుంది. అంతవరకు నాలుగు గప్పీలు తిరుగుతున్నాయి. అమ్మోనియా సున్నాకు వచ్చి నిలిచేదాకా ముంబైకి పోవద్దని వాడికి చెప్పాను. నారళీ పున్నమినాడు మార్కండేయ రథం లాగి వచ్చాక పోతానన్నాడు. మొన్న నేను వెళ్లేసరికి చెల్లెలు ఆ గోడ మీద కూర్చొని బియ్యం ఏరుతూ కనిపించింది. "ఇంత జాగల గా చిన్న చేపలు ఏం కనబడుతయి అన్నా, జల్దిన తెమ్మను వాన్ని" అంది.