పరీక్షా ఫలితముల పట్టికలో “ఎన్.ఎస్.” అన్న గుర్తు

పరిశోధనా క్షేత్రపు పట్టికలో దిగుబడి అంకెల క్రింద “ఎన్.ఎస్.” అని ఉన్నచో, “క్రొత్త వంగడమునకు, పాతదానికి తేడా లేదట” అని చాలమంది రైతులు కాగితము మడిచి పెట్టుదురు. ఆ గుర్తునకు అర్థము అది కాదు.

ఒకే వంగడమును ప్రక్కప్రక్క మడులలో నాటినను దిగుబడి సమానముగా రాదని మీరెరుగుదురు. వంగడముల నడుమ నిజమైన తేడా ఏమియు లేకున్నను, కేవలము మడుల హెచ్చుతగ్గుల వలననే ఇంత తేడా, లేక ఇంతకు మించినది, కనబడుటకు గల అవకాశమును పి-విలువ అందురు. అది నూటికి 5కు లోబడినచో తేడా “గణనీయము”, లోబడనిచో “ఎన్.ఎస్.”. ఈ 5 ప్రకృతి విధించిన హద్దు కాదు. ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ పరిశోధనా కేంద్రమున పనిచేసిన రొనాల్డ్ ఫిషర్ 1925లో తన గ్రంథములో అనుకూలముగా నున్నదని గీచిన గీత. ఆ గీత నొక్కదానిని చూచి నిర్ణయము చేయరాదని అమెరికా గణాంక శాస్త్రజ్ఞుల సంఘము 2016లో ప్రకటించినది.

మరి ఏమి చూడవలెను? తేడా ఎంత, అది ఏ హద్దుల నడుమ నున్నది అని చూడుడు. పట్టిక అడుగున “సి.డి.” అను అంకె ఉండును. రెండు సగటుల తేడాకు దానిని ఒకసారి కూడి, ఒకసారి తీసివేసినచో హద్దులు తెలియును. ఎన్.ఎస్. వ్రాసినచోట తరచు ఆ అంకె వేయరు. (వేసిన ఎంత మేలు!) అప్పుడు “ఎస్.ఇ.ఎం.” అంకెను సుమారు 3 చేత హెచ్చవేయుడు.

పాత వంగడము ఎకరమునకు 2,200 కిలోలు, క్రొత్తది 2,350 ఇచ్చినదనుకొనుడు. తేడా 150. ఎస్.ఇ.ఎం. 60; మూడురెట్లు 180. అనగా క్రొత్తది 30 కిలోలు తగ్గవచ్చును, 330 హెచ్చవచ్చును. గుర్తు ఎన్.ఎస్.యే, కాని విత్తనము ధర ఒకటే అయినచో దీనిని త్రోసివేయుట తొందరపాటు.

ఇక ఒక మందు చల్లిన మడిలో 40 కిలోలు హెచ్చినది, సి.డి. 30 అనుకొనుడు. ఇది “గణనీయమే”. హద్దులు 10 నుండి 70. మందు ఖర్చు 80 కిలోల ధాన్యము ధర కాగలిగినచో, పై హద్దు చేరినను మీకు నష్టమే.

ఈ హద్దులు ఒక్క క్షేత్రము, ఒక్క పంటకాలమునకు చెందినవి. కావున ఇతర జిల్లాల, ఇతర సంవత్సరముల పట్టికలు కూడ వ్యవసాయ అధికారి నడిగి తీసికొనుడు. ఈలోగా క్రొత్త వంగడమును పది సెంట్లలో, పాతదాని ప్రక్కనే నాటి, రెండింటిని వేరువేరుగా నూర్చి తూచుడు.