గుండె లయ, గుండె నాళాలు

వరంగల్ నుంచి ఖమ్మం పోయే దారిలో వర్ధన్నపేట ఉన్నది. ఆ ప్రాంతంలో బావి మీద కరెంటు మోటారు పెట్టుకున్న రైతుకు రెండు రకాల చిక్కులు బాగా తెలుసు. ఒకనాడు కరెంటు సరిగా రాక మోటారు ఆడీ ఆడక గురగురలాడుతుంది. మరొకనాడు మోటారు చక్కగానే తిరుగుతుంది గాని, పైపులో పాచీ మట్టీ పేరుకొని నీరు సన్నగా వస్తుంది. రెండు విధాలా మడి ఎండుతుంది. అయినా ఏ రైతూ కరెంటు లోపానికి పైపు విప్పి కూర్చోడు.

గుండె కూడా ఒక తోడుయంత్రమే. దానికీ ఈ రెండు చిక్కులూ వస్తాయి. కరెంటు చెడి లయ తప్పే జబ్బులలో ముఖ్యమైనది కర్ణికా కంపనం. డాక్టర్లు దీనిని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. నాళాలు పూడిపోయే జబ్బు హృద్ధమని వ్యాధి. రెండూ వేరువేరు జబ్బులు. కాని ఒకటి ఉన్నచోట రెండవది కూడా తరచు కనిపిస్తుంది. ఎందుచేత?

ముందు లయ సంగతి చూద్దాం. గుండెలో పై గదులు రెండు కర్ణికలు, కింది గదులు రెండు జఠరికలు. కుడి కర్ణిక గోడలో సిరాకర్ణికా కణుపు అనే చిన్న కణజాలం ఉన్నది. విశ్రాంతిగా ఉన్న పెద్దవారిలో నిమిషానికి 60 నుంచి 100 సార్లు అక్కడ విద్యుత్ ప్రేరణ పుడుతుంది. అది కర్ణికల మీదుగా ప్రయాణించి, నడిమి కణుపు దాటి జఠరికలకు చేరుతుంది. ముందు కర్ణికలు, వెనువెంటనే జఠరికలు ముడుచుకుంటాయి. కర్ణికా కంపనంలో ఈ క్రమం పోతుంది. కర్ణికలలో నిమిషానికి 350 నుంచి 600 దాకా అస్తవ్యస్తమైన ప్రేరణలు చెలరేగుతాయి. కర్ణికలు ముడుచుకోవడం మాని వణుకుతూ ఉంటాయి. నడిమి కణుపు వాటిలో కొన్నిటిని మాత్రమే, అదీ ఒక వరుస లేకుండా, కిందికి వదులుతుంది. అందుచేత మణికట్టు దగ్గర నాడి పట్టి చూస్తే దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం ఒక తీరుగా ఉండదు.

ఇక నాళాల సంగతి. పొలంలోని మోటారుకు, గుండెకు ఇక్కడ ఒక పెద్ద తేడా ఉన్నది. మోటారు తాను తోడిన నీరు తాగదు. గుండె మాత్రం తాను తోడిన రక్తంతోనే బతుకుతుంది. మహాధమని మొదట్లోనే చీలే రెండు హృద్ధమనులు గుండె కండరానికి రక్తాన్ని అందిస్తాయి. వాటి గోడలలో కొవ్వు పేరుకొని దారి ఇరుకైతే శ్రమ చేసినప్పుడు గుండెలో నొప్పి వస్తుంది. ఆ పేరుకున్న కొవ్వు పొర పగిలి, దానిమీద రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతే గుండెపోటు వస్తుంది.

ఈ రెండు జబ్బులకూ వేళ్లు చాలావరకు ఒకటే: వయస్సు, అధిక రక్తపోటు, మధుమేహం, స్థూలకాయం, పొగతాగడం. అంతేగాక ఒకటి రెండవదానికి దారి తీస్తుంది. గుండెపోటులో కండరం దెబ్బతింటే ఎడమ జఠరిక బిగిసి, దాని వెనుక ఉన్న కర్ణికలో ఒత్తిడి పెరుగుతుంది. కర్ణిక సాగి, దాని గోడలో నారపోగులు పెరుగుతాయి. అటువంటి గోడలో విద్యుత్తు దారి తప్పుతుంది. గుండెపోటుతో ఆసుపత్రికి వచ్చినవారిలో 6 నుంచి 21 శాతం మందిలో కర్ణికా కంపనం కనిపిస్తుందని పరిశీలనలు చెబుతున్నాయి.

ఎదురు దారి కూడా ఉన్నది. ఎడమ జఠరిక కండరానికి రక్తం ఎక్కువగా అందేది అది ముడుచుకున్నప్పుడు కాదు, సడలినప్పుడు. లయ తప్పి గుండె వేగంగా కొట్టుకుంటే సడలే వ్యవధి తగ్గిపోతుంది. ఒకవైపు పని పెరుగుతుంది, మరొకవైపు తిండి తగ్గుతుంది. నాళాలు ముందే ఇరుకై ఉంటే ఆపద ఎక్కువ. అమెరికాలో సుమారు 24,000 మందిని గమనించి 2013లో ప్రకటించిన పరిశీలనలో, కర్ణికా కంపనం ఉన్నవారికి గుండెపోటు ముప్పు ఇతరులకన్న సుమారు 70 శాతం ఎక్కువగా తేలింది.

మన దేశంలో దీనికి మరొక కారణం కూడా ముఖ్యం. దేశంలోని 24 కేంద్రాలలో 1,537 మంది కర్ణికా కంపన రోగుల వివరాలు సేకరించి 2017లో ప్రకటించారు. వారిలో దాదాపు సగం మందికి మూలం రుమాటిక్ జ్వరం వల్ల చెడిన గుండె కవాటం. ఈ జ్వరం ఎక్కువగా 5 నుంచి 15 ఏళ్ల పిల్లలకు, గొంతునొప్పి తరువాత వస్తుంది. కనుక బడిపిల్లవాని గొంతునొప్పికి సకాలంలో వైద్యం చేయించడం ముందుముందు అతని గుండె లయను కాపాడడమే.

లయ తప్పడంలో అసలు భయం వేరొకటి. వణికే కర్ణికలో రక్తం నిలవ ఉండి గడ్డకడుతుంది. ఆ గడ్డ కొట్టుకుపోయి మెదడు నాళంలో ఇరుక్కుంటే పక్షవాతం వస్తుంది. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణ పరిశీలన 1978లోనే ఈ ముప్పును లెక్కకట్టింది. కవాటం బాగున్నవారికి ఐదింతలు, రుమాటిక్ కవాటదోషం ఉన్నవారికి పదిహేడింతలు.

ఇక్కడే రెండు జబ్బుల తేడా రోగికి ప్రాణసమస్య అవుతుంది. హృద్ధమని వ్యాధికి వాడే ఆస్పిరిన్ రక్తఫలకికలను అణచుతుంది. కర్ణికలోని గడ్డను ఆపడానికి అది చాలదు. దానికి వేరే జాతి మందులు కావాలి. రెండు జబ్బులూ ఉన్నవారు రెండు జాతుల మందులూ ఎప్పటికీ కలిపి వాడితే రక్తస్రావం పెరుగుతుంది. జపానులో 2,236 మందిపై జరిగి 2019లో వెలువడిన ప్రయోగంలో, హృద్ధమని వ్యాధి నిలకడగా ఉన్నవారికి రివరోక్సబాన్ ఒక్కటే వాడడం రెండు మందులు కలపడంకన్న క్షేమమని తేలింది. అయితే రుమాటిక్ గుండెజబ్బుతో కర్ణికా కంపనం వచ్చినవారికి రివరోక్సబాన్ కన్న పాత మందు వార్ఫరిన్ జాతియే మేలని 2022లో వెలువడిన మరొక పెద్ద ప్రయోగం చూపింది. అందుచేత పొరుగువాని మందుచీటీ చూసి మందు కొనరాదు, డాక్టరు రాసిన మందును సొంతంగా మానరాదు.

ఈ జబ్బును కనిపెట్టే మొదటి సాధనం మూడు వేళ్లు, ఒక గడియారం. విద్యార్థి ఇంటికి పోయి తాతదో అమ్మమ్మదో మణికట్టు పట్టుకొని, బొటనవేలి వైపున నాడిని నిండు నిమిషం లెక్కపెట్టవచ్చు. పిల్లల నాడి ఊపిరి పీల్చినప్పుడు కొంచెం పెరిగి, వదిలినప్పుడు తగ్గుతుంది. అది సహజం, దానికి కంగారు పడనక్కరలేదు. పెద్దవారి నాడి మాత్రం ఏ వరుసా లేకుండా తప్పుతూ ఉంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోయి ఇ.సి.జి. తీయించాలి. జబ్బును నిర్ధారించేది ఆ పటమే. గుండెలో బరువు, చెమట, ఆయాసం కలిగినా, మూతి వంకరపోయినా, ఒక చేయి పడిపోయినా ఆలోచిస్తూ కూర్చోక వెంటనే 108కి ఫోను చేయాలి.

మడి ఎండిన తరువాత కంటే మోటారు చప్పుడు మారినప్పుడే రైతు చెవి ఒగ్గుతాడు. గుండె చప్పుడు మణికట్టు దాకా వచ్చి వినిపిస్తూనే ఉన్నది. దాన్ని లెక్కపెట్టడం పదేళ్ల పిల్లవాడు కూడా నేర్వగల విద్య.